తెల్లారేదాకా నిలిచే నిప్పు

పొద్దున లేవగానే ఒటీలియా మొదట చేసే పని పొయ్యి తలుపు తీసి లోపలికి చూడడం. నిప్పు ఉంటే మనసు కుదుటపడుతుంది. రాత్రి పడుకోబోయే ముందు రెండు లావుపాటి మొద్దులు పెట్టి, గాలి లోపలికి వెళ్ళే దారి మీటను బిగించి మూసేస్తే చాలు, మంట అణిగిపోయి కట్టె తెల్లారేదాకా కుములుతూనే ఉంటుంది. మా కొయైకె ఊళ్ళో ఇల్లాలి ఘనతంటే ఇదే. ఎవరి ఇంట్లో నిప్పు ఆరిపోయిందో, ఎవరి ఇంట్లో నిలిచిందో వీధంతా తెలిసిపోతుంది.

ఆ రోజూ నిప్పు ఉంది. జూన్ నెల, మా వైపు నడి చలికాలం. కిటికీ అద్దాల మీద మంచు గడ్డకట్టింది. ఆవిడ నీళ్ళు కాచుకుని, ఎండు సొరబుర్రలో తేయాకు లాంటి మాతే ఆకు నింపి, ఆ నీళ్ళు పోసి, ఇనప గొట్టంతో మొదటి గుక్క పీల్చింది. ఒళ్ళంతా హాయిగా అనిపించింది. అంతలో పక్కగదిలోంచి దగ్గు మొదలైంది. ఐదేళ్ళ మనవరాలు రెనాతా దగ్గు అది. ఒకసారి పట్టుకుంటే ఊపిరాడనివ్వదు.

కోడలు యెసెనియా విసురుగా వచ్చి వంటింటి కిటికీ బార్లా తెరిచింది.

"అయ్యో అయ్యో, ఇదేం పనమ్మాయ్! బయట బకెట్లో నీళ్ళు రాయైపోయాయి. పిల్లకి చలి పట్టదూ?"

"పిల్లకి కావలసింది గాలి అత్తయ్యా. ఈ ఇంట్లో పొగ వాసన తప్ప గాలెక్కడుంది?"

"ఈ పొగ వాసనలోనే ముగ్గురిని పెంచాను. అందులో ఒకణ్ణి నువ్వు ముచ్చటపడి చేసుకున్నావు."

చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చిన కొడుకు ఎలియాస్, "పొద్దున్నే మొదలెట్టారా ఇద్దరూ?" అన్నాడు.

"నువ్వూరుకో!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే. ఆ విషయంలో మాత్రం అత్తాకోడళ్ళకి ఎప్పుడూ తేడా రాలేదు.

రేడియోలో ఆనాటి గాలి సంగతి చెబుతున్నారు. బొత్తిగా బాగాలేదట, పిల్లల్ని బయటికి పంపొద్దట, పొగగొట్టంలోంచి పొగ కనబడితే జరిమానాయట. చుట్టూ కొండలు, మధ్యలో మా ఊరు. గాలి ఆడని రోజుల్లో ఊరి పొగంతా, కుండ మీద మూత పెట్టినట్టు, ఇక్కడే ఉండిపోతుంది. అందుకే మా పేటలో పాత ఇనప పొయ్యిలన్నీ తీసేసి, తక్కువ పొగ వస్తుందని ముద్ర పడ్డ కొత్తవి పెట్టుకోవాలని ఉత్తర్వు వచ్చింది. పాతది అప్పగిస్తే కొత్తదానికి సర్కారే సాయం చేస్తుంది. ఆ సంగతి ఎత్తితే చాలు, ఒటీలియా ఒంటికాలి మీద లేస్తోంది.

"పెల్లెట్ల పొయ్యి తీసుకుందామమ్మా," అన్నాడు ఎలియాస్. "రంపపు పొట్టుతో చేసిన గుళికలు పోసి మీట నొక్కితే చాలు, దానంతట అదే మండుతుంది."

"కరెంటు పోతే?"

"ఎప్పుడో ఒకసారి పోతుంది."

"ఆ ఎప్పుడో ఒకసారే మంచు తుఫాను వచ్చే రోజు అవుతుంది. అప్పుడు దాని మీద పూలకుండీ పెట్టుకుందామా?"

యెసెనియా కిటికీ మూసి అత్తగారి ఎదురుగా కూర్చుంది. ఈసారి గొంతులో విసురు లేదు. అదే ఒటీలియాని భయపెట్టింది.

"నాకు ఏ పొయ్యయినా ఒకటే అత్తయ్యా. నిన్న డాక్టరు ఏమన్నారో మీకు పూర్తిగా చెప్పలేదు. ఈ చలికాలం దగ్గు తగ్గకపోతే పిల్ల ఊపిరితిత్తులు పాడవుతాయన్నారు. తగ్గకపోతే దాన్ని మా అమ్మ దగ్గరికి, సముద్రపు ఒడ్డుకి తీసుకుపోతాను. అక్కడే బడిలో వేస్తాను. ఎలియాస్ వచ్చినా సరే, రాకపోయినా సరే."

ఎలియాస్ తల దించుకున్నాడు. ఆ మాట తనకి ముందే తెలుసని ఆ తల దించుకోవడంలోనే తెలిసిపోయింది. ఒటీలియా మాతే బుర్ర పక్కన పెట్టేసింది. భర్త పోయాక ఆ ఇంట్లో నవ్వు వినబడిందంటే అది రెనాతా వల్లే. ఆ పిల్ల లేని ఇల్లు ఎలా ఉంటుందో ఊహించుకోబోయి, ఊహించుకోలేక లేచి నిలబడింది.

"నా మంచి కోటు ఎక్కడుంది?" అంది. "పొయ్యి కొనడానికి పోదాం పదండి. కానీ ఎంచుకునేది నేను."

కొట్లో ఆవిడ ప్రతి పొయ్యి తలుపూ తెరిచి తల లోపలికి దూర్చి చూసింది. ఇటుకలు తట్టింది. పైన అరచెయ్యి ఆనించి, కెటిల్ నిలుస్తుందా లేదా అని కొలిచింది.

"తల బయటికి తియ్యండి అత్తయ్యా, అందరూ మనల్నే చూస్తున్నారు."

"చూడనీ. పెళ్ళికొడుకుని ఇంత శ్రద్ధగా చూసుకోలేదు, అందుకే ఆయన గురకతో జీవితాంతం వేగాను."

యెసెనియాకి నవ్వు ఆగలేదు. కొట్టతనూ నవ్వాడు. కట్టెల పొయ్యిల్లోనే ముద్ర పడ్డదాన్ని ఒకదాన్ని చూపించి, "ఇందులో మంట మీదకి పైనుంచి మరోసారి వేడిగాలి వెళుతుందండి. పొగ కూడా లోపలే కాలిపోతుంది. తలుపు గాజుకి మసి పట్టకుండా ఉన్నంతకాలం సరిగ్గా మండుతున్నట్టే," అన్నాడు.

"తెల్లారేదాకా నిప్పు నిలుస్తుందా?"

"నిలవదండీ. మీట ఇంతవరకే వస్తుంది. ఇదిగో, ఈ ఇనప ముక్క అడ్డం ఉంది. ఇంక మూసుకోదు. గాలి పూర్తిగా ఆపేస్తే కట్టె మండదు, కుములుతుంది. కుమిలిందంటే ఊరంతా పొగే. ఆ అడ్డం ఉంటేనే ముద్ర వేస్తారు."

ఒటీలియా మీటను జరిపి చూసింది. సగం దాటాక టక్కున ఆగింది. యెసెనియా కూడా జరిపి చూసింది, టక్కున ఆగింది. కట్టె సంగతి తనకి చెప్పేవాడొకడు తయారయ్యాడా అని ఒటీలియాకి లోపల మండింది.

ఎలియాస్ ఇంకా పెల్లెట్ల పొయ్యి దగ్గరే నిలబడి దాని రిమోట్‌ని ముద్దుగా తిప్పుతున్నాడు. యెసెనియా వెళ్ళి అది లాక్కుని యథాస్థానంలో పెట్టింది.

"ఈవిడకి కట్టె కావాలి, కరెంటు పోయినా మండాలి. నాకు పొగ రాకూడదు. రెండూ ఆ పొయ్యిలో ఉన్నాయి. అత్తయ్య ఎంచుకున్నదే తీసుకుందాం," అంది.

కోడలు తన పక్షాన మాట్లాడడం ఒటీలియాకి కొత్త. ఇంటికి వెళుతూ దారిలో ఇద్దరూ కలిసి కట్టెల అడితికి వెళ్ళారు. ఒటీలియా రెండు కట్టెలు తీసి ఒకదానితో ఒకటి కొట్టి చప్పుడు విన్నది. ఖంగుమంటే ఎండినట్టు, దబ్బుమంటే పచ్చి. దబ్బుమన్నవాటిని అడితి యజమాని మొహం ముందే పక్కకి విసిరేసింది. యెసెనియా కూడా రెండు కట్టెలు తీసుకుని కొట్టసాగింది. ఆ సాయంత్రం ఇద్దరూ ఒకే బుర్రలోంచి మాతే తాగారు.

పాత పొయ్యిని తీసుకుపోవడానికి మనుషులు వచ్చిన రోజు ఒటీలియా పెరట్లోకి వెళ్ళిపోయింది. దాన్ని ముక్కలుగా కోసేస్తారట, మళ్ళీ ఎవరూ వాడకుండా. అందులో ఆవిడ ఎన్ని రొట్టెలు కాల్చిందో లెక్కే లేదు. "పిల్ల కోసం," అని పైకే అనుకుని ముక్కు చీదుకుని లోపలికి వచ్చింది.

కొత్త పొయ్యి చక్కగా మండింది. గాజు తలుపు వెనక పసుపు మంట రెపరెపలాడుతుంటే రెనాతా దాని ముందే బొమ్మలు పెట్టుకుని కూర్చునేది. దగ్గు తగ్గుముఖం పట్టింది. కానీ తెల్లారేసరికి పొయ్యి చల్లగా ఉండేది. ఇల్లు ఇంకా చల్లగా ఉండేది.

మూడో నాలుగో రోజున రెనాతా మేజోళ్ళు లేకుండా వంటింట్లోకి వచ్చి, "నానమ్మా, నా కాళ్ళు చూడు, చేపల్లా అయిపోయాయి," అంది. ఒటీలియా ఆ పాదాలను రెండు చేతుల్లోకి తీసుకుంది. మంచుగడ్డలే.

చలి అంటే ఏమిటో ఆవిడకి తెలుసు. చిన్నప్పుడు కొండల్లో గొర్రెల కాపరుల గుడిసెలో పెరిగింది. దుప్పటి కూడా బిగుసుకుపోయే పొద్దుల్లో తమ్ముళ్ళ ఏడుపు వింటూ లేచేది. నా పిల్లలు ఒక్కనాడు కూడా చల్లటి ఇంట్లో కళ్ళు తెరవకూడదని పెళ్ళి నాడే ఒట్టు పెట్టుకుంది. ఆ మాట నిలబెట్టుకుంది కూడా. ఇప్పుడు మనవరాలి దగ్గర ఓడిపోతానా అనుకుంది.

ఆ మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు వెనక వీధిలో వెల్డింగ్ చేసే లాలోని పిలుచుకొచ్చింది. పొయ్యి చూపించగానే అతనికి విషయం అర్థమైపోయింది.

"అడ్డం తీసెయ్యాలి, అంతేగా పిన్నీ? మన పేటలో సగంమంది తీయించేసుకున్నారు. దొరలు ఎక్కడో కూర్చుని రూల్సు పెడతారు, చలి మనకి."

కెటిల్లో నీళ్ళు మరిగేలోపు పని అయిపోయింది. మీట ఇప్పుడు చివరిదాకా వెళ్ళి మూసుకుంది. ఒటీలియా దాన్ని రెండుసార్లు అటూ ఇటూ జరిపి తృప్తిగా తల ఊపింది.

మర్నాటి నుంచి తెల్లారేసరికి ఇల్లు వెచ్చగా ఉంది. "మీ ఎంపిక బంగారం అత్తయ్యా! నిలవదన్నాడు కదా కొట్టతను, ఎలా నిలిచిందో చూడండి," అంది యెసెనియా. ఒటీలియా, "కట్టెలు మంచివి," అని మాట మార్చింది. ఆ పొగడ్త గొంతులో ముల్లులా గుచ్చుకుంది. గాజు తలుపు రోజూ నల్లగా మసిబారుతోంది. ఆవిడ అందరూ లేవకముందే తడి కాగితానికి బూడిద అద్ది దాన్ని తోమేసేది.

దగ్గు మళ్ళీ వచ్చింది. ఈసారి మునుపటికన్నా ఉధృతంగా వచ్చింది. ఒక పొద్దున రెనాతాకి పెదవులు నీలంగా మారితే ఎలియాస్ భుజాన వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తాడు. ముక్కుకి తొడుగు పెట్టి మందు ఆవిరి పట్టించారు. తిరిగి వచ్చాక యెసెనియా మంచం కిందినుంచి పెట్టె లాగి పిల్ల బట్టలు సర్దడం మొదలుపెట్టింది. బడికి చలికాలపు సెలవులు ఇస్తున్నారు. మర్నాడే బస్సు.

"మోసం చేశారు! పొగ రాదని చెప్పి అంటగట్టారు. ఆ కొట్టువాడి సంగతి తేల్చి వస్తాను," అని ఎలియాస్ ఊగిపోయాడు.

ఒటీలియా మొహం పాలిపోయింది. తప్పు కొట్టతనిది కాదని చెప్పాలి. చెబితే పిల్ల వెళ్ళిపోవడం ఖాయం. చెప్పకపోయినా వెళ్ళిపోతోంది.

మర్నాడు తెల్లవారుతుండగానే ప్రయాణానికని లేచిన యెసెనియా వంటింట్లోకి వచ్చింది. ఒటీలియా ఇంకా గాజు తుడవలేదు. నల్లటి తలుపు చూసి యెసెనియా ఆగిపోయింది. వంగి మీట మీద వేలు పెట్టింది. సగం దగ్గర ఆగాల్సిన మీట ఆగలేదు. చివరిదాకా జారిపోయింది. మళ్ళీ జరిపింది. మళ్ళీ జారింది.

"ఎవరు కోశారు దీన్ని?"

ఎలియాస్ గుమ్మంలో నిలబడ్డాడు. అప్పుడే లేచి వచ్చిన ఒటీలియా పైట చెంగులా శాలువా గట్టిగా కప్పుకుంది.

"నేనే కోయించాను. అయితే ఏమిటి? పిల్ల కాళ్ళు మంచుగడ్డలైపోతుంటే చూస్తూ కూర్చోమంటావా? నా పిల్లల్ని ఇలాగే పెంచాను, ఎవరూ చావలేదు!"

"నా పిల్ల చచ్చేది!" యెసెనియా గొంతు పగిలిపోయింది. "నిన్న దాని పెదాలు చూశారుగా! చూస్తూ నోరు మెదపలేదా? రోజూ మిమ్మల్ని పొగుడుతుంటే వింటూ ఊరుకున్నారా?"

"చలికి..."

"చలి కాదు! రండి. నాతో రండి బయటికి!"

అత్తగారి చెయ్యి పట్టుకుని వీధిలోకి లాక్కుపోయింది. ఏటవాలు వీధిలో కొంచెం పైకి ఎక్కి ఇంటివైపు తిప్పి నిలబెట్టింది. "ఇప్పుడు చూడండి."

అన్నేళ్ళుగా ఆ ఇంట్లో ఉంటున్నా, ఆ వేళప్పుడు ఒటీలియా ఎన్నడూ బయట లేదు. వెచ్చటి వంటింట్లో మాతే తాగుతూ ఉండేది. తన పొగగొట్టం ఎలా ఉంటుందో ఆవిడకి తెలియదు. చిక్కటి పసుపుపచ్చ పొగ గొట్టంలోంచి వచ్చి పైకి పోవడం లేదు. గాలిలేని చలిలో బరువెక్కి, ఇంటికప్పు రేకుల మీదుగా కిందికి జారి, రెనాతా పడుకునే గది కిటికీ ముందు చేరి అక్కడే నిలబడుతోంది. లోపలినుంచి పిల్ల దగ్గు వీధిలోకి వినిపిస్తోంది. వీధి పొడుగునా ప్రతి ఇంటి మీదా అదే పొగ.

ఎలియాస్ వెనకే వచ్చి నిలబడ్డాడు. కోపం లేదు అతని గొంతులో. "అమ్మా, చిన్నప్పుడు నేను దగ్గుతుంటే చలికాలమంతా నా రొమ్ముకి వేడి కొవ్వు రాసేదానివి, గుర్తుందా?"

"గుర్తులేకేం? చలి పట్టేసిందని..."

"చలి పట్టిందని రాత్రి మీట ఇంకా గట్టిగా బిగించేదానివి."

ఒటీలియా పక్కింటి అరుగు మీద కూలబడింది. ముగ్గురు పిల్లలు, అన్ని చలికాలాలు. చలితో పోరాడుతున్నాననుకుంది. బిడ్డల మొహాన పొగ పట్టింది తన చేతులే. ఆ చేతుల్లోనే మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. యెసెనియాకి ఇంకా తిట్టాలని ఉంది, తిట్టలేకపోయింది.

కాసేపటికి ఆవిడే లేచింది. "తీసుకెళ్ళు," అంది. "అక్కడ సముద్రం గాలి ఉంటుంది. నేను ఆపను. దానికి బాగుంటే అక్కడే బడిలో వెయ్యి. నా గురించి ఆలోచించకు."

బస్సు వెళ్ళిపోయాక ఒటీలియా ఇంటికి రాలేదు. తిన్నగా లాలో దగ్గరికి పోయింది.

"ఆ అడ్డం మళ్ళీ అతుకు."

లాలో పగలబడి నవ్వాడు. "కొయ్యమనేవాళ్ళే గానీ అతకమన్నది మీరొక్కరే పిన్నీ!"

"కోసింది నువ్వు, అతికేదీ నువ్వే. లేవరా. ఇంకెవరైనా కొయ్యమని వస్తే ముందు నా దగ్గరికి పంపు."

అక్కడితో ఊరుకోలేదు ఆవిడ. తన ఒక్క పొయ్యి బాగుచేస్తే చాలదని ఆ పొద్దున వీధిలో నిలబడే చూసింది. రోజూ తెల్లవారుతుండగా కోటు తొడుక్కుని బయలుదేరేది. ఏ ఇంటి మీద పొగ చిక్కగా ఉంటే ఆ తలుపు తట్టేది. "ఒక్కసారి బయటికొచ్చి మీ పొగగొట్టం చూడండి. చూశాక నన్ను తిట్టుకోండి," అనేది. కొందరు చూడకుండానే తిట్టారు. ఎదురింటి రిగోబెర్తో, "ముసల్దానికి మతిపోయింది," అని మొహం మీదే తలుపు వేశాడు. మర్నాడు మళ్ళీ తట్టింది. ఆ మర్నాడు కూడా తట్టింది. చివరికి విసుగెత్తి చెప్పులతోనే బయటికి వచ్చి, పొగగొట్టం వంక చాలాసేపు చూసి, గొణుక్కుంటూ లోపలికి పోయాడు. ఆ వారంలోనే లాలో అతని ఇంటికి పనిముట్లతో వెళ్ళడం వీధిలో అందరూ చూశారు.

యెసెనియా ఫోన్ చేసినప్పుడు రెనాతా దగ్గు బాగా తగ్గిందని చెప్పింది. "అయితే అక్కడే ఉంచు," అని గట్టిగా అంది ఒటీలియా. ఫోన్ పెట్టేశాక గుడ్లనీళ్ళు కుక్కుకుంటూ ఎలియాస్‌కి రొట్టె వడ్డించింది. ఎలియాస్ ఆ పూట తల్లికి తెలియకుండా బయటికి వెళ్ళి భార్యకి మళ్ళీ ఫోన్ చేశాడు. అమ్మ పొద్దున్నే వీధిలో ఏం చేస్తోందో అప్పుడు చెప్పాడు.

సెలవులు అయిపోతుండగా యెసెనియా పిల్లతో దిగింది. "ఉంటానని చెప్పడం లేదు అత్తయ్యా. మళ్ళీ దగ్గొస్తే మర్నాడే వెళ్ళిపోతాం," అంది. పెట్టె విప్పలేదు, గోడవారన నిలబెట్టే ఉంచింది.

మర్నాడు ఒటీలియా అందరికన్నా ముందు లేచింది. ఇంట్లో చలి కొరికేస్తోంది. పొయ్యిలో చల్లటి బూడిద ఉంది. కింద కట్టెలు పేర్చి, పైన సన్నటి పుల్లలు పెట్టి, మీట పూర్తిగా తెరిచి అగ్గిపుల్ల గీసింది. పైనుంచి కిందికి మంట మెల్లగా అంటుకుంటోంది. ఇంకా వేడి రావడానికి చాలాసేపు పడుతుంది.

"నానమ్మా," గుమ్మంలో రెనాతా. "చలేస్తోంది."

ఒటీలియా చెయ్యి అలవాటుగా మీట వైపు వెళ్ళబోయి ఆగిపోయింది.

"అవునమ్మా, చలే. ఇలా రా."

కోటు గుండీలు విప్పి పిల్లని ఒళ్ళోకి తీసుకుని, ఇద్దరికీ కలిపి మళ్ళీ గుండీలు పెట్టుకుంది. చల్లటి పాదాలను పొట్టకి ఆనించుకుంది. వెనక యెసెనియా వచ్చి నిలబడిందని తెలుసు. ఇద్దరు ఆడవాళ్ళూ ఊపిరి బిగబట్టి ఒకే చప్పుడు కోసం చెవులు రిక్కించారు. దగ్గు రాలేదు. రెనాతా ఆవలించి, మంటని చూస్తూ, నానమ్మ గడ్డం కింద తల పెట్టుకుంది.

చాలాసేపటికి యెసెనియా వచ్చి పక్కన నేల మీద కూర్చుంది. తన మీది దుప్పటి తీసి అత్తగారి కాళ్ళ మీద కప్పింది.

"రేపటినుంచి పొయ్యి నేను వెలిగిస్తాను. మీరు కాసేపు పడుకోండి."

"నీకు రాదు. పుల్లలన్నీ కింద పెట్టి పొగబెడతావు."

"అయితే నేర్పండి అత్తయ్యా."

ఒటీలియా కళ్ళు తుడుచుకుని, కోడలి చేతిలో అగ్గిపెట్టె పెట్టింది.